దీపాల వరుస – విద్యుత్తు దారులు

వినాయక చవితి పందిరికి కట్టిన రంగురంగుల దీపాల తోరణం ఒక్కొక్కప్పుడు ఉన్నట్టుండి ఆరిపోతుంది. కరెంటు పోయిందేమోనని చూస్తే పందిరి నడుమ వేలాడే పెద్ద బల్బు వెలుగుతూనే ఉంటుంది. పక్క ఇంట్లో పంకా తిరుగుతూనే ఉంటుంది. తోరణం కట్టిన కుర్రవాడు నిచ్చెన ఎక్కి ఒక్కొక్క చిన్న బల్బునూ తడిమి, కదిలించి చూస్తూ పోతాడు. ఎక్కడో ఒకచోట అతని చెయ్యి తగలగానే తోరణమంతా ఒక్కసారిగా వెలుగుతుంది. అందులో ముప్ఫై ఎనిమిది బల్బులు ఉంటే ముప్ఫై ఏడు నిర్దోషులే. ఒక్కదాని లోపానికి అన్నీ శిక్ష అనుభవించాయి. అదే ఇంటిలోపల వంటగది బల్బు మాడిపోతే పడకగది బల్బుకు ఆ సంగతే తెలియదు. రెండు చోట్లా ప్రవహించే విద్యుత్తు ఒక్కటే. బల్బుల స్వభావమూ ఒక్కటే. భేదమంతా వాటిని కలిపిన తీరులో ఉంది.

తోరణంలోని కలయికను శ్రేణి సంధానమనీ, ఇంటిలోని కలయికను సమాంతర సంధానమనీ భౌతికశాస్త్రం వ్యవహరిస్తుంది. పందిళ్లు వేసేవారు తోరణాన్ని 'సీరియల్ సెట్టు' అనడంలోనూ ఈ శ్రేణి భావమే ఉంది. శ్రేణి అనే సంస్కృత శబ్దానికి వరుస అని అర్థం. ప్రాచీన భారతదేశంలో ఒకే వృత్తిలో ఉన్న శిల్పుల, వర్తకుల సంఘాలకు కూడా శ్రేణులనే పేరుండేది. ఒకే కట్టుబాటుకు లోబడి నడిచే ఆ సంఘాలను తలచుకుంటే ఈ దీపాల వరుసకు ఆ మాట చక్కగా అమరిందనిపిస్తుంది. సమాంతరమనే మాట మాత్రం కొంత తికమక పెడుతుంది. రైలు పట్టాల వలె సమానమైన ఎడంతో సాగే తీగలను అది గుర్తుకు తెస్తుంది. నిజానికి తీగలు ఎన్ని వంపులు తిరిగినా, ఒకదానినొకటి దాటిపోయినా బాధ లేదు. ప్రవాహం ఒక చోట చీలి, వేరువేరు దారులలో సాగి, మరొక చోట తిరిగి కలిస్తే చాలు, అది సమాంతర సంధానమే. చీలిక లేకుండా ఒకే దారిలో సాగితే అది శ్రేణి.

ఈ విషయంలో విద్యార్థులు తరచుగా పొరపడే చోటు ఒకటి ఉంది. తోరణంలో మొదటి బల్బు కొంత విద్యుత్తును వాడుకొని, మిగిలినదాన్ని రెండవ బల్బుకు వదులుతుందని చాలామంది భావిస్తారు. అది సరికాదు. ఏటవాలు నేలపై పారే ఒక కాలువకు రెండు చోట్ల నీటిచక్రాలను అమర్చినట్లు ఊహించవచ్చు. మొదటి చక్రాన్ని తిప్పిన నీరు ఒక్క చుక్కయినా తరగకుండా రెండవ చక్రానికి చేరుతుంది. తగ్గేది నీరు కాదు, నీటి ఎత్తు. శ్రేణి వలయంలో కూడా అంతే. తీగలో ఎక్కడ కొలిచినా విద్యుత్ప్రవాహం ఒకే విలువ చూపుతుంది. ఒక్కొక్క బల్బు దాటేకొద్దీ తగ్గేది వోల్టేజి. ప్రవాహాన్ని ఆంపియర్లలోను, ప్రవాహానికి కారణమైన ఎత్తుపల్లాల వంటి భేదాన్ని వోల్టులలోను, ప్రవాహానికి అడ్డు తగిలే గుణాన్ని ఓమ్‌లలోను కొలుస్తారు. స్థిరమైన ఉష్ణోగ్రత వద్ద లోహపు తీగలోని ప్రవాహం వోల్టేజికి అనులోమంగాను, నిరోధానికి విలోమంగాను ఉంటుందని జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓమ్ 1827లో వెలువడిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఒక కూడలి దగ్గరకు ఎంత ప్రవాహం వస్తుందో అక్కడి నుండి అంతే ప్రవాహం వెళ్లాలని చెప్పే నియమాన్ని 1845లో కిర్కాఫ్ సూత్రీకరించాడు. అప్పటికి అతడు ఇంకా విద్యార్థే.

ఈ రెండు నియమాలు చేతిలో ఉంటే ఒక చిన్న వింతను లెక్కకట్టి చూడవచ్చు. నేడు ఇండ్లలో ఎల్.ఇ.డి. దీపాలు వచ్చినా, ఈ లెక్కకు పాతకాలపు ఫిలమెంటు బల్బే అనువైనది. 230 వోల్టులకు తయారైన 60 వాట్ల బల్బు ఒకటి, 100 వాట్ల బల్బు ఒకటి తీసుకొందాం. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే నిరోధం వస్తుంది. ఆ విధంగా మొదటిదాని నిరోధం సుమారు 882 ఓమ్‌లు. రెండవదాని నిరోధం 529 ఓమ్‌లు. ఎక్కువ వెలుగునిచ్చే బల్బుకే నిరోధం తక్కువ. ఈ రెండింటినీ ఇంటిలో వలె సమాంతరంగా కలిపితే రెండింటికీ పూర్తిగా 230 వోల్టులు అందుతాయి. మొదటిది 0.26 ఆంపియర్లు, రెండవది 0.43 ఆంపియర్లు తీసుకొంటాయి. మొత్తం సుమారు 0.7 ఆంపియర్లు. 100 వాట్ల బల్బు ఎక్కువగా వెలుగుతుంది. ఇందులో ఆశ్చర్యం లేదు.

వాటినే శ్రేణిలో కలిపితే కథ తారుమారవుతుంది. నిరోధాలు కూడుకొని సుమారు 1411 ఓమ్‌లవుతాయి. ప్రవాహం 0.163 ఆంపియర్లకు తగ్గుతుంది. ఆ ప్రవాహం రెండింటిలోనూ ఒక్కటే కనుక, నిరోధం ఎక్కువగా ఉన్న 60 వాట్ల బల్బుకే వోల్టేజిలో పెద్ద వాటా, అంటే దాదాపు 144 వోల్టులు, దక్కుతుంది. రెండవదానికి 86 వోల్టులే మిగులుతాయి. చిన్న బల్బు 23 వాట్ల పైచిలుకుతోనూ, పెద్ద బల్బు 14 వాట్లతోనూ వెలుగుతాయి. ఫిలమెంటు చల్లబడితే దాని నిరోధం తగ్గుతుంది గనుక ప్రయోగశాలలో ఈ అంకెలు కొంత మారుతాయి. అయినా చిన్న బల్బు ప్రకాశించడం, పెద్ద బల్బు ఎర్రగా మినుకుమినుకుమనడం కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. బల్బు మీద అచ్చువేసిన వాట్లు దాని స్వభావం కాదనీ, 230 వోల్టులు పూర్తిగా అందితేనే నిలిచే మాట అనీ ఈ ప్రయోగం తెలుపుతుంది.

ఇంటింటా దీపాలను సమాంతరంగా కలపాలన్న సంగతి నేడు సహజంగా తోస్తుంది గానీ, ఒకప్పుడు అది పండితులను సైతం తికమకపెట్టిన సమస్య. పందొమ్మిదవ శతాబ్ది చివరి భాగంలో వీధులలో వెలిగినవి ఆర్క్ దీపాలు. రెండు బొగ్గు కడ్డీల నడుమ విద్యుత్తు దూకేటప్పుడు పుట్టే మిరుమిట్లు గొలిపే వెలుగు అది. 1879లో చార్లెస్ బ్రష్ అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగర కూడలిలో అటువంటి 12 దీపాలను శ్రేణిలో వెలిగించాడు. ఒక దీపం చెడితే వరుస అంతా ఆరిపోయే చిక్కు ఆయనకూ ఎదురైంది. చెడిన దీపాన్ని తప్పించి ప్రవాహానికి పక్కదారి చూపే ఏర్పాటును ఆయన కనిపెట్టాడు. అయితే ఆ దీపం కాంతి కూడలికి తగినదే గాని గదికి తగినది కాదు. పైగా ఒక్కొక్క ఆర్క్‌కు సుమారు 50 వోల్టులు కావాలి. నలభై దీపాల వరుసకు రెండు వేల వోల్టులు. అంత వోల్టేజిని ఇంటి గోడల మధ్యకు తేవడం ప్రాణాంతకం.

అందువలన ఆ పెద్ద వెలుగును చిన్నచిన్న దీపాలుగా ఎట్లా పంచాలన్నదే ఆనాటి ప్రధాన ప్రశ్న అయింది. తాను పంచగలనని థామస్ ఆల్వా ఎడిసన్ 1878లో ప్రకటించగానే లండన్ గ్యాసు కంపెనీల వాటాల ధరలు పడిపోయాయి. బ్రిటిష్ పార్లమెంటు దీనిపై విచారణ సంఘాన్ని నియమించింది. తపాలా శాఖ ఇంజనీరుగా పేరుపొందిన విలియం ప్రీస్ వంటి నిపుణులు ఇది ఎండమావి వెంట పరుగు అని తేల్చి చెప్పారు. దీపాల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కదాని కాంతి అంతకు అనేక రెట్లు క్షీణిస్తుందని వారు గణితంతో నిరూపించారు కూడా. వారి గణితంలో తప్పు లేదు. తప్పు వారి ఊహలో ఉంది. పరిమితమైన శక్తి గల ఒక జనకాన్నీ, నిరోధం చాలా తక్కువగా ఉన్న దీపాలనూ తీసుకొని వారు లెక్క కట్టారు.

ఎడిసన్ సమస్యను తలక్రిందులు చేశాడు. లోపలి నిరోధం అత్యల్పంగా ఉండి, ఎన్ని దీపాలు కలిపినా వోల్టేజిని దాదాపు స్థిరంగా నిలిపే డైనమోను ఒక ప్రక్క, నిరోధం ఎక్కువగా ఉండే దీపాన్ని మరొక ప్రక్క ఆయన బృందం నిర్మించింది. ఎక్కువ నిరోధం ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం రాగి ధరలో ఉంది. 100 వాట్ల దీపాన్ని 10 వోల్టులతో వెలిగించాలంటే 10 ఆంపియర్లు కావాలి. ఆ దీపం నిరోధం 1 ఓమ్. అదే దీపాన్ని 100 వోల్టులకు తయారు చేస్తే 1 ఆంపియరు చాలు. నిరోధం 100 ఓమ్‌లు. తీగలో వృథా అయ్యే వేడి ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి మొదటి పద్ధతిలో అదే తీగలో నూరు రెట్ల శక్తి వ్యర్థమవుతుంది. ఆ నష్టాన్ని తప్పించాలంటే వీధుల కింద దుంగలంత లావు రాగి కడ్డీలు పరచవలసి వస్తుంది. ఈ లెక్కలలో ఎడిసన్‌కు తోడ్పడినవాడు ఫ్రాన్సిస్ అప్టన్ అనే గణితవేత్త. అదే కాలంలో ఇంగ్లండులో జోసెఫ్ స్వాన్ కూడా చక్కని కార్బన్ దీపాన్ని రూపొందించాడు. కాని ఆయన తొలి దీపాలలోని కార్బన్ కడ్డీ లావుగా ఉండి, నిరోధం తక్కువగా ఉండేది. దీపాన్ని కనిపెట్టిన ఘనత ఎవరిదన్న వాదం ఇప్పటికీ సాగుతూనే ఉన్నా, దీపాన్ని దాని సంధానంతో కలిపి ఆలోచించిన ఘనత మాత్రం ఎడిసన్ బృందానికే ఎక్కువగా చెందుతుంది. 1882 సెప్టెంబరు 4న న్యూయార్కులోని పెర్ల్ వీధి కేంద్రం నుండి సుమారు 110 వోల్టుల ఏకముఖ విద్యుత్తు భూమిలో పరచిన తీగల ద్వారా దాదాపు 400 దీపాలకు సమాంతరంగా అందింది. ఒకరు తమ దీపాన్ని ఆర్పినా పొరుగువారి దీపం చలించలేదు. తరువాతి కాలంలో ఏకాంతర విద్యుత్తు ఏకముఖ విద్యుత్తు స్థానాన్ని ఆక్రమించింది గాని, సమాంతర సంధానం చెక్కుచెదరలేదు.

నేటి మన ఇండ్లలోనూ ఫేజు, న్యూట్రలు అనే రెండు తీగల నడుమ ప్రతి ఉపకరణమూ ఒక ప్రత్యేకమైన దారి. ఇందులో ఒక సౌఖ్యం ఉన్నట్లే ఒక అపాయమూ పొంచి ఉంది. దారులు పెరిగేకొద్దీ మొత్తం నిరోధం తగ్గుతుంది. నిరోధం తగ్గేకొద్దీ ప్రధాన తీగలో ప్రవాహం పెరుగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్టుకు ఒక గుత్తిప్లగ్గు తగిలించి, దానికి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, 700 వాట్ల రైస్ కుక్కరు, 1500 వాట్ల కెటిలు ఒకేసారి కలిపితే మొత్తం ప్రవాహం దాదాపు 14 ఆంపియర్లు. ఏ ఉపకరణమూ ఫిర్యాదు చేయదు. మూడింటికీ 230 వోల్టులు సక్రమంగానే అందుతాయి. బాధపడేది గోడలో దాగిన తీగ. అది వేడెక్కుతున్న సంగతి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ఫేజు, న్యూట్రలు తీగలు ఒకదానికొకటి నేరుగా తగిలితే ఏర్పడేది కూడా ఒక సమాంతర దారే. దాని నిరోధం దాదాపు శూన్యం కనుక ప్రవాహం ఒక్కసారిగా విజృంభిస్తుంది. షార్ట్ సర్క్యూట్ అని పత్రికలలో నిత్యం చదివేది దీనినే.

ఇంతటి ప్రవాహాన్ని ఆపగలిగినది శ్రేణి సంధానమే. పందిట్లో చికాకు పెట్టిన గుణమే ఇక్కడ రక్షణగా మారుతుంది. ఇంటిలోకి వచ్చే ఫేజు తీగకు ఫ్యూజును శ్రేణిలో కలుపుతారు. ఒక్కచోట తెగితే వరుసంతా ఆగిపోవాలన్నదే అక్కడి ఉద్దేశం. సన్నని ఫ్యూజు తీగ తాను కరిగిపోయి గోడలోని తీగను కాపాడుతుంది. ఎం.సి.బి. అనే మీట కూడా అదే స్థానంలో ఉండి, కరగకుండా తనంతట తాను విడిపోతుంది. ఫ్యూజు మాటిమాటికీ పోతున్నదని విసిగి దాని స్థానంలో లావుపాటి రాగి తీగ చుట్టే అలవాటు పల్లెల్లోనూ పట్టణాల్లోనూ కనిపిస్తుంది. ఆ పని చేసిన తరువాత ఆ ఇంటికి ఫ్యూజు లేకుండా పోదు. గోడలోని తీగే ఫ్యూజవుతుంది. స్విచ్చు కూడా తన బల్బుకు శ్రేణిలోనే ఉంటుంది. దాన్ని ఫేజు తీగ మీద కాక న్యూట్రలు తీగ మీద పెట్టినా బల్బు వెలుగుతుంది, ఆరుతుంది. కాని ఆర్పిన తరువాత కూడా హోల్డరులో 230 వోల్టులు మిగిలే ఉంటాయి. స్విచ్చు ఆపాను కదా అన్న ధీమాతో బల్బు మార్చబోయేవారికి ప్రాణాపాయం అక్కడే.

పందిరి తోరణంలోనూ ఇటువంటి ధీమాయే ముప్పు తెస్తుంది. 6 వోల్టుల బల్బులు 38 వరుసగా కలిపితే 228 వోల్టులు అవుతాయి. అందుకే వాటిని సరాసరి ఇంటి కరెంటుకు తగిలిస్తారు. వెలుగుతున్నంతసేపూ ఒక్కొక్క బల్బు రెండు కొసల మధ్య ఉండేది ఆరు వోల్టులే. ఒక బల్బు మాడిపోయిందనుకొందాం. ప్రవాహం ఆగిపోయింది. ప్రవాహమే లేనప్పుడు తక్కిన బల్బుల వద్ద తగ్గే వోల్టేజి కూడా శూన్యమే. మరి ఆ 230 వోల్టులు ఏమైనట్లు? అవన్నీ తెగిన ఆ ఒక్క చోట చేరి నిలుస్తాయి. చీకటిగా ఉన్న తోరణంలో మాడిన బల్బును ఊడదీసి, ఆరు వోల్టుల బల్బే కదా అని ఆ ఖాళీలో వేలు పెట్టిన కుర్రవాడి చేతికి తగిలేది ఇంటి కరెంటు మొత్తం. ప్లగ్గు ఊడదీసిన తరువాతనే తోరణాన్ని తాకాలి. మాడిన బల్బులను తీసివేసి తీగల కొసలను మెలిపెట్టడం మరొక పొరపాటు. ఎనిమిది బల్బులు అట్లా తొలగిస్తే మిగిలిన ముప్ఫై ఒక్కొక్కటీ 7.7 వోల్టుల దాకా భరించాలి. అవి మరింత త్వరగా మాడతాయి. ఇప్పటి ఎల్.ఇ.డి. తోరణాలలో కొన్ని దీపాలను ఒక వరుసగాను, అటువంటి వరుసలు కొన్నింటిని సమాంతరంగాను కలుపుతారు. తోరణంలో ఒక ముక్క మాత్రమే చీకటిగా కనిపించడానికి కారణమదే.

ఎవరూ కోరకుండానే, ఎవరికీ తెలియకుండానే ఊళ్లోని ఇండ్లన్నీ శ్రేణిలోకి మారిపోయే సందర్భం కూడా ఒకటి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు నుండి ఊళ్లోకి మూడు ఫేజు తీగలు, ఒక న్యూట్రలు తీగ వస్తాయి. ఏ ఫేజుకైనా న్యూట్రలుకూ మధ్య 230 వోల్టులు. రెండు ఫేజుల మధ్య సుమారు 400 వోల్టులు. ఒక వీధికి ఒక ఫేజు, మరొక వీధికి ఇంకొక ఫేజు ఇచ్చి, అందరి ప్రవాహాన్నీ తిరిగి తీసుకుపోయే బాధ్యత న్యూట్రలుకు అప్పగిస్తారు. గాలివానకు చెట్టుకొమ్మ పడి ఆ న్యూట్రలు తెగిందనుకొందాం. కరెంటు పోదు. ఒక ఫేజులో ఉన్న ఇల్లు, మరొక ఫేజులో ఉన్న ఇల్లు తెగిన న్యూట్రలు ముక్క ద్వారా ఒకదానితో ఒకటి శ్రేణిలో కలిసిపోయి 400 వోల్టులను పంచుకొంటాయి. మొదటి ఇంట్లో 100 వాట్ల బల్బు ఒక్కటే వెలుగుతున్నది; దాని నిరోధం 529 ఓమ్‌లు. రెండవ ఇంట్లో నీళ్లు కాచే 1000 వాట్ల హీటరు నడుస్తున్నది. దాని నిరోధం 53 ఓమ్‌లు. పైన చూసిన లెక్క ప్రకారమే ఎక్కువ నిరోధానికి ఎక్కువ వాటా. హీటరుకు 36 వోల్టులు, బల్బుకు 364 వోల్టులు. పొదుపుగా ఒక్క దీపం పెట్టుకొన్న ఇంట్లో బల్బు భగ్గుమని మాడిపోతుంది. ఆ సమయంలో టీవీ ఉంటే అదీ కాలుతుంది. విరివిగా వాడుకొంటున్న ఇంట్లో హీటరు చల్లబడుతుందే తప్ప చెడదు. 'హై వోల్టేజి' వచ్చి వీధిలో టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోయాయన్న వార్తలలో అనేకం వెనుక ఉండేది ఇటువంటి తెగిన న్యూట్రలే. ఎక్కువ వోల్టేజి ఎక్కడి నుండో రాలేదు. పంపకం మారింది, అంతే.

ఫేజు తీగ తెగితే ఇండ్లు చీకటవుతాయి గనుక వెంటనే తెలుస్తుంది. న్యూట్రలు తెగినప్పుడు మొదట కనిపించే గుర్తు కొన్ని దీపాలు అతిగా వెలగడం, మరికొన్ని మసకబారడం. ఆ రెండూ ఒకేసారి కనిపిస్తే మెయిన్ స్విచ్చు ఆపి, విద్యుత్తు సిబ్బందికి తెలపడమే తక్షణ కర్తవ్యం. న్యూట్రలుకు మారుదారిగా ట్రాన్స్‌ఫార్మరు వద్దనే గాక లైను పొడవునా కొన్ని స్తంభాల వద్ద కూడా దానిని భూమితో కలుపుతారు. తీగ తెగినా ప్రవాహంలో కొంత భాగం నేల ద్వారా తిరిగిపోయి వోల్టేజి పెరుగుదలను కొంతవరకు అరికడుతుంది. ఎండిన నేలకు నిరోధం ఎక్కువ. తడి నేలకు తక్కువ. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె పక్కన ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన గుంటలో ఎండాకాలంలో నీళ్లు పోసేది అందుకే.